ఎర్రదారం కట్టిన మేకుల గన్ను

మార్కండేయ మామ చేతి దెబ్బ తినకుండా మా కార్ఖానాలో గన్ను పట్టినవాడు లేడు. నేను తిన్నాను, నా ముందు వచ్చినవాళ్లు తిన్నారు, వెనక వచ్చినవాళ్లూ తిన్నారు. మా సేఠ్ శివరాం కూడా తిన్నాడు. ఒకరోజు ఆయన సరదాకి గన్ను ఎత్తి నా వైపు గురిపెట్టి "ఢాం" అన్నాడు. మామ చేతిలో ఉన్న పట్టీచెక్కతో సేఠ్ మణికట్టు మీద ఒక్కటి ఇచ్చాడు. జీతమిచ్చే చేతిని కొట్టినందుకు మాఫీ అడగమంటే, "సేఠ్, నీ చెయ్యి ఉంటెనే గద నాకు జీతమిస్తవు" అన్నాడు. మేమంతా దాన్నే మాఫీ కింద లెక్క వేసుకున్నాం.

నాందేడ్‌లో సిడ్కో కాలనీ దాటాక, ఎంఐడీసీ పారిశ్రామికవాడ చివరన రేకుల షెడ్డు మాది. మోటార్లు, పంపులు పెట్టి లారీకి ఎక్కించే చెక్కపెట్టెలు చేస్తాం. పెట్టెలు కొట్టేది సుత్తితో కాదు, గాలి గన్నుతో. కంప్రెసర్ నుంచి పైపు వస్తుంది. పైపులో గాలి పళ్లు బిగబట్టి కూర్చుంటుంది. గన్ను ముక్కును చెక్కకు ఆనించి గట్టిగా నొక్కాలి, ముక్కు కొంచెం లోపలికి పోవాలి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కాలి. ఠప్! వేలంత మేకు చెక్కలో కనిపించకుండా పోతుంది. ముక్కు గాలిలో ఉంటే ట్రిగ్గర్ ఎంత పిసికినా మేకు రాదు. గన్నుకు ఉన్న బుద్ధంతా ఆ ముక్కులోనే ఉంది. మిగతాదంతా కోపమే.

కొత్తవాడు పనిలోకి వస్తే మామ ఇత్వారా బజారులో కసాయి దుకాణం నుంచి ఒక మేక కాలు తెచ్చేవాడు. దాన్ని పలక మీద పెట్టి, గన్ను ఆనించి, ఠప్. మేకు ఎముకలోంచి దూసుకుపోయి పలకలో దిగేది. సగం చీలిన ఎముకను కొత్తవాడి మొహం ముందు ఆడించేవాడు.

"గిది నీ కాలు అనుకో. గిప్పుడు చెప్పు, వేలు యాడ పెడతవు?"

"ట్రిగ్గర్ మీద కాక."

చెంప మీద ఒకటి పడేది. "పక్కకు! ట్రిగ్గర్ పక్కకు! మేకు కొట్టేటప్పుడే వేలు లోపటికి పోవాలె. మల్ల చెప్పు. మేకు ఇరుక్కుంటే?"

"ముక్కుల చూడాలె."

రెండో చెంప. "ముందు పైపు పీకాలెరా, పైపు! గాలి పోయినంక చూడు. నీ కన్ను గాలి కంటే పెద్దదా?"

కళ్లద్దాలు మరిచిపోతే ఒక దెబ్బ. ఎడమ చెయ్యి మేకుకు జానెడు కంటే దగ్గరకు వస్తే ఇంకోటి. అంతటితో పాఠం అయిపోయేది. మేక కాలు మాత్రం వృథా పోయేది కాదు. మామ దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఆయన భార్య ద్రౌపదత్త పులుసులోంచి మేకులు ఏరుతూ మామను, మేకను, కార్ఖానాను కలిపి తిట్టేది.

ఆ చెయ్యి అంత ఊరికే లేచేది కాదు. వయసులో ఉన్నప్పుడు మామ పూణే దగ్గర ఒక పెట్టెల కార్ఖానాలో పనిచేశాడు. పక్క బల్ల మీద ముఖేడ్ నుంచి వచ్చిన భీమయ్య ఉండేవాడు. చేతివేగం ఎక్కువ. ట్రిగ్గర్ మీద వేలు తీయకుండా ముక్కును పలక మీద టపటపా పొడుచుకుంటూ పోయేవాడు. అలాగైతే పని జోరుగా సాగుతుంది. ఒక రోజు మేకు చెక్కలోని ముడికి తగిలింది. గన్ను వెనక్కి తన్ని పైకి లేచింది. ముక్కు వచ్చి భీమయ్య కంటి కింద ఆనింది. అది చెక్కో చెంపో ముక్కుకు తెలియదు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

మామ భీమయ్య తలను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. కంటి కింద మేకు తల మాత్రం మెరుస్తూ ఉందట, ముక్కుపుల్లలాగా. రక్తం కూడా పెద్దగా రాలేదట. భీమయ్య "ఏమైందిరా నాకు, ఏమైందిరా" అని దారంతా అడుగుతూనే ఉన్నాడట. బతికాడు, కన్ను పోయింది. ఇప్పటికీ ముఖేడ్‌లోనే ఉన్నాడు. మామ ఆ వైపు బస్సు కూడా ఎక్కడు.

అందుకే ఆయన కొడితే మాకు కోపం రాదు. చెంప మండుతుంది, అంతే.

అత్త తమ్ముడు కైలాస్ పనికి వచ్చేదాకా అంతా ఇలాగే నడిచింది. కిన్వట్ దాటాక సర్ఖని వాళ్ల ఊరు. ఇంటికి ఒక్కడే మగపిల్లాడు. పొడుగ్గా, దిట్టంగా ఉంటాడు, జుట్టుకు రోజూ నూనె, మాటకు రోజూ కారం. ఇంట్లో అందరూ "మా కైలాస్, మా కైలాస్" అని మోసి మోసి పెంచారు. అత్త తన కుట్టుమిషన్ ముందు కూర్చుని, నోట్లో దారం పట్టుకుని, నా ముందరే మామకు షరతు పెట్టింది.

"నా తమ్ముని ఒంట్ల ఒక్క మేకు దిగిందా, నీ ఇంట్ల నేనుండ. కిన్వట్ రైలెక్కుత. మల్ల బతిమాలుకుంట వస్తే గడప తొక్కనియ్య."

"మేకు దిగది. దెబ్బలు పడతయి" అన్నాడు మామ.

"దెబ్బలు నీ ఇష్టం. మేకు నాది."

అత్త ఊరికే బెదిరించే మనిషి కాదు. వెనక ఒకసారి ఏదో గొడవలో కుట్టుమిషన్ నెత్తిన పెట్టుకుని స్టేషన్ దాకా నడిచిపోయింది. మామ ప్లాట్‌ఫారం మీద కాళ్లు పట్టుకుంటే తిరిగొచ్చింది. ఊళ్లో అందరి చెంపలూ వాయించే మనిషి ఆ ఒక్కతెకు భయపడతాడు. భయం అనడం కూడా సరిపోదు. ఆమె లేకపోతే ఆయనకు అన్నం దిగదు.

మొదటిరోజే కైలాస్ మేక కాలు పాఠం చూసి నవ్వాడు. మామ చెంప మీద ఇచ్చాడు. కైలాస్ తిరిగి ఇచ్చాడు, పిడికిలితో, నోటి మీద. మామ పెదవి చిట్లింది. ఇద్దరూ రంపపు పొట్టులో పడి దొర్లారు. ఒకడు జుట్టు పట్టాడు, ఇంకొకడు చెవి కొరికాడు. కంప్రెసర్ ఆగితే గానీ వాళ్ల బూతులు మాకు వినపడలేదు. విడదీసే బలం నాకు లేదు గనక ఇద్దరి మీద గంపెడు పొట్టు దిమ్మరించాను. తుమ్ములు ముంచుకొచ్చి ఇద్దరూ కొట్టుకోవడం ఆపేశారు.

"కోతీ," అన్నాడు మామ నన్ను, పొట్టు ఉమ్ముతూ. మామ నన్ను ఆ పేరుతోనే పిలుస్తాడు. "వీన్ని సూస్తుండు. నేను లేనప్పుడు వీని వేలు యాడుందో సూస్తుండు."

"బావా, నా వేలు నాకు తెల్వదా?" అన్నాడు కైలాస్.

"నీ వేలు నీది కాదురా. మీ అక్కది."

దసరా ముందురోజు ఖండే నవమి వచ్చింది. పనిముట్లకు పూజ చేసే రోజు. ఆ రోజు రంపం కొయ్యదు, గన్ను పేలదు. మామ చౌఫాలాలో ఉన్న వాళ్ల పద్మశాలీల గుడికి పోయాడు. షెడ్డులో సేఠ్ తల్లి జనాబాయి పీట వేసి, రంపాలూ సుత్తులూ గన్నులూ కడిగి పెట్టింది. పసుపు, కుంకుమ, బంతిపూలు, కొబ్బరికాయ. ఆమె ఒక్కో పనిముట్టుకు ఎర్రదారం కంకణం కట్టుకుంటూ పోయింది. చిన్న గన్నులకు పిడికి కట్టింది. పెద్ద గన్ను కార్ఖానాకు పెద్దకొడుకు అని దానికి మాత్రం ప్రత్యేకం. దాన్ని పీట మీద ముక్కు కిందికి పెట్టి నిలబెట్టి, తల మీద చెయ్యివేసి అదిమి పట్టుకుని, ముక్కు చుట్టూ చుట్లు చుట్లుగా దారం బిగించింది. కుంకుమ నీళ్లు కూడా చిలకరించింది. దండం పెట్టుకుంది. పాలకోవా పేడాలు పంచింది. నేను రెండుసార్లు తీసుకున్నాను.

దసరా వెళ్లాక మామ పనిలోకి వచ్చాడు. రోజూ చేసినట్టే, పైపు తగిలించకముందు పెద్ద గన్ను ఎత్తి ముక్కును బొటనవేలితో నొక్కి చూశాడు. ముక్కు కదల్లేదు. అది లోపలికి నొక్కి ఉన్నప్పుడే దారం బిగిసింది, అక్కడే ఉండిపోయింది. గన్నుకున్న బుద్ధిని జనాబాయి దేవుడి దారంతో కట్టేసింది. ఇక చెక్కకు ఆనించే పని లేదు. ట్రిగ్గర్ నొక్కితే చాలు, గాలిలోకైనా మేకు పోతుంది.

మామ జేబులోంచి చాకు తీశాడు. దారం మీద పెట్టాడు. అక్కడే చెయ్యి ఆగింది.

నేను అదే మొదటిసారి చూడటం, ఆ చెయ్యి ఆగడం. మామ తాత, తండ్రి మగ్గం మీద బతికినవాళ్లు. దారం తెగితే ముడి వేస్తారు గానీ, బాగున్న దారాన్ని, అందులోనూ దేవుడి పేరు చెప్పి కట్టిన దారాన్ని తెంపడం వాళ్లింట లేదు. ఈలోగా జనాబాయి చూడనే చూసింది.

"మార్కండ్యా! దసరా కంకణం మీద చాకు పెడతవా? నా కొడుకు కార్ఖానా మునగాలెనా?"

"మౌసీ, ముక్కు బిగిసిపోయింది. ఎవనికన్న తగుల్తది."

"దారం అదే చీకిపోయి రాలుతది. రాలేదాక ఎవ్వలు ముట్టద్దు."

సేఠ్ ఇద్దరినీ చూసి, తల్లివైపు జరిగాడు. "జర్ర ఓపిక పట్టు మార్కండేయ్. చిన్న గన్నులతోని నడిపియ్యి."

మామ చాకు మడిచి జేబులో వేసుకున్నాడు. పెద్ద గన్నును గోడ కొక్కేనికి తగిలించి, అందరి వైపు తిరిగి, "దీన్ని ముట్టినోని చెయ్యి ఇరుగుతది" అన్నాడు. ఎవరినీ కొట్టలేదు. మామ దెబ్బ మానేసి మాటతో సరిపెట్టిన రోజు అదొక్కటే. అలవాటు లేని పని, సరిగా కుదరలేదు.

మర్నాడు మధ్యాహ్నం లారీ వచ్చి నిలబడింది. పెట్టెలు కాలేదు. చిన్న గన్నులు చిన్న మేకులే కొడతాయి, పెద్ద పలకల దగ్గర దగ్గుతాయి. లారీవాడు హారన్ కొడుతున్నాడు, సేఠ్ ఫోన్‌లో ఎవరినో బతిమాలుకుంటున్నాడు, మామ లారీ ఎక్కి పెట్టెలు సర్దుతున్నాడు. నేను పలకలు మోసుకొచ్చేసరికి కైలాస్ కొక్కెం మీంచి పెద్ద గన్ను తీసి పైపు తగిలించేశాడు.

"వద్దురా, మామ సంపుతడు."

"నీ మామ లారీల ఉన్నడు పోరా." అని ట్రిగ్గర్ ఊరికే నొక్కాడు. ఠప్! మేకు షెడ్డు అవతలికి ఎగిరి రేకులో దిగింది. ఎండ కిరణం ఒకటి లోపలికి వచ్చింది. కైలాస్ కళ్లకు పండగైంది. "అగో! ఆనించే పనే లేదు! మషీన్ గన్నురా ఇది!"

ఠప్. మంచినీళ్ల రంజన్ కుండ పగిలి నేలంతా నీళ్లు. ఠప్. నా టిఫిన్ డబ్బా ఎగిరిపడింది, మూతకు చిల్లు. నేను పలకల కుప్ప వెనక బోర్లా పడ్డాను. ఠప్. నా తల మీద పలకలో మేకు వణుకుతూ నిలబడింది. నేను పలకల సందులోంచి చూస్తున్నాను. కైలాస్ నవ్వుతూ గిర్రున తిరిగాడు. పైపు వాడి కాళ్లకు చుట్టుకుంది. తడినేల మీద కాలు జారింది. ఎడమచేత్తో పైపు విడిపించుకోవడానికి వంగాడు. కుడిచేతిలో గన్ను వేలాడుతూ లోపలికి తిరిగింది. ముక్కు వాడి పొట్ట వైపు ఉంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. వాడు పైపునే చూస్తున్నాడు.

లారీ దిగి వచ్చిన మామ షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. ఆ మొహం చూసి ఇక బూతులు వస్తాయనుకున్నాను. మామ నోరు తెరవలేదు. ట్రిగ్గర్ మీద వేలున్నవాడిని అరిచి ఉలిక్కిపడేలా చేస్తే వేలు బిగుసుకుంటుంది. చెప్పులు విడిచేసి, నీళ్లలో చప్పుడు కాకుండా వచ్చి, గన్ను ముక్కును కుడి అరచేత్తో మూసి పట్టి పక్కనున్న పెట్టెకేసి ఒక్క తిప్పు తిప్పి అదిమాడు.

కైలాస్ ఉలిక్కిపడ్డాడు. వేలు బిగుసుకుంది. ఠప్. ఠప్.

రెండు మేకులూ మామ అరచేతిలోంచి పోయి పెట్టె పలకలో దిగాయి. చెయ్యి పెట్టెకు అంటుకుపోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత వేళ్ల సందుల్లోంచి రక్తం పలక మీదికి పాకింది. కైలాస్ నోరు తెరిచి నిలబడిపోయాడు, వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది.

"వేలు తియ్యి బిడ్డా," అన్నాడు మామ, పసిపిల్లాడికి చెప్పినట్టు. "మెల్లగ. ఆ. కోతీ, పైపు పీకు."

పీకాను. గాలి బుస్సుమని పోయింది. అప్పుడు మామ కైలాస్‌ను దగ్గరకు రమ్మన్నాడు.

"అంగీ లేపు. పొట్ట సూపియ్యి. ఇంకో పక్కకు తిరుగు. మేకు తగిలిందా?"

"లేదు బావా, లేదు."

తగల్లేదని తన కళ్లతో చూసుకున్నాక, కుడిచెయ్యి పెట్టెకు ఉంది గనక, ఎడమచేత్తో వాడి మెడ పట్టి లాగి, తన నుదురుతో వాడి ముక్కు మీద గుద్దాడు. కటుక్కుమంది. కైలాస్ నీళ్లలో కూలబడ్డాడు, మూతి నిండా రక్తం. ఆ రోజు వాడికి తగిలిన గాయం అదొక్కటే.

సేఠ్ పరుగెత్తుకొచ్చి కటింగ్‌ప్లేర్‌తో మేకులు లాగబోయాడు. మామ కాలితో తన్నాడు. "లాగద్దు! నరాలు తెగుతయి. పలక కొయ్యండి." కొయ్యాల్సింది నేనే. రంపం ఒకసారి లాగితే పలక వణికేది, పలక వణికితే మామ మా ఏడు తరాలనూ పేరుపేరునా తిట్టేవాడు. నేను ఏడుస్తూ కోశాను, ఆయన తిడుతూ కోయించుకున్నాడు. చివరికి చెయ్యి, చేతికింద పలకముక్క కలిపి ఆటో ఎక్కించాం. ట్రాఫిక్‌లో పక్క స్కూటర్ ఆయన చూసి "కాయ్ ఝాలం?" ఏమైందని అడిగితే, మామ "పెట్టె తీస్కపోతున్న" అన్నాడు.

ఆసుపత్రికి అత్త మెడలో కొలతల టేపుతోనే వచ్చింది. లోపల మామ చేతిలోంచి మేకులు తీస్తున్నారు. బయట బెంచీ మీద కైలాస్, మొహం నిండా ఎండిన రక్తం. అత్త ఆగిపోయింది.

"మేకా?"

"కాదక్కా. బావ నెత్తి."

అత్త నమ్మలేదు. వరండాలో అందరి ముందరే వాడి అంగీ లేపి, వీపు, పొట్ట, చేతులు తడిమి చూసింది. ఎక్కడా చిల్లు లేదు. అప్పుడు నా వైపు తిరిగింది. నేను మొత్తం చెప్పాను, దారం ముడి నుంచి పలకముక్క దాకా. అయిపోయాక కైలాస్ చెంప మీద ఇటొకటి, అటొకటి వాయించి, నా చెయ్యి పట్టుకుని ఆటోలోకి లాగింది.

షెడ్డులో జనాబాయి నీళ్లు ఊడుస్తోంది. పెద్ద గన్ను మళ్లీ కొక్కేనికే ఉంది, ఎర్రదారంతోనే. అత్త తిన్నగా దాని దగ్గరికి పోయింది.

"అగ బాయీ, చెప్పులిడిసి రా," అంది జనాబాయి.

"నా మొగని చెయ్యి పెట్టెకు కుట్టిండ్రు, నువ్వు చెప్పుల ముచ్చట తీస్తవా?" అత్త గన్ను అందుకుని నన్ను అడిగింది, "పైపు పీకి ఉన్నదా?"

"ఉన్నదత్తా."

"దేవుని కంకణం! తెంపితే పాపం తగుల్తది!"

"నా మొగనికి దారమంటే దేవుడు. నాకు దారమంటే పని. పొద్దటి సంది పొద్దూకేదాక పండ్లతోనే తెంపుత."

గన్ను ముక్కును నోటి దగ్గర పెట్టుకుని దారాన్ని కొరికింది. జనాబాయి చీపురు తిరగేసి వీపు మీద కొట్టింది. అత్త వదల్లేదు. ముసలమ్మ గాజుల చేత్తో నెత్తిన మొత్తింది. అత్త ఇంకో చుట్టు కొరికింది. సేఠ్ "అమ్మా, అమ్మా" అంటూ ఇద్దరి చుట్టూ తిరిగాడు గానీ ఎవరినీ పట్టుకోలేదు. చివరి చుట్టు తెగింది. టక్కున శబ్దం చేసి ముక్కు బయటికి దూకింది.

జనాబాయి చేతిలో చీపురు ఆగింది. "గది... గది కదుల్తదా?"

"కదలాలె. కదిలితెనే మనిషి మిగుల్తడు," అని అత్త ముక్కును బొటనవేలితో నొక్కి, వదిలి, నొక్కి, వదిలి చూపించింది.

ముసలమ్మ తన వేలితో ఒకసారి నొక్కి చూసింది. ముక్కు లోపలికి పోయి మళ్లీ వచ్చింది. ఆమె పలకల మీద కూలబడింది. "నాకెవ్వలు చెప్పలేదు బిడ్డా. నేను గట్టిగ ఉండాలని కట్టిన." సేఠ్ వైపు తిరిగి చీపురు విసిరింది. "నువ్వన్న చెప్పద్దా మొద్దూ! వాడు చాకు తీసినప్పుడు నోట్ల పేడా పెట్టుకున్నవా?"

మేం ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి మామను మంచం మీద పడుకోబెట్టారు. చేతికి తలకాయంత కట్టు ఉంది. గుమ్మంలో అత్తను చూడగానే ఆయన మొహంలో నెత్తురు దిగిపోయింది. మేకులు దిగినప్పుడు కూడా ఆ మొహం అలా కాలేదు.

"నీ తమ్మునికి మేకు తగల్లే," అన్నాడు గబగబా. "ముక్కు నేనే పగలగొట్టిన. మేకు మాత్రం తగల్లే. అడుగు."

"చూసిన."

మామ ఆమె మొహాన్ని పరీక్షగా చూశాడు. పెదవులు, గడ్డం అంతా ఎర్రగా ఉన్నాయి.

"పాన్ తిన్నవా?"

"నీ దారం తిన్న."

సొంత మేనమామ పోయినప్పుడు కూడా ఏడవని మామ, మొహం గోడవైపు తిప్పుకుని ముక్కు చీదాడు. తర్వాత కట్టున్న చేతిని జాగ్రత్తగా ఎత్తి పట్టుకుని, మంచం మీద కొంచెం అవతలికి జరిగి, అత్త కూర్చోవడానికి చోటిచ్చాడు.